తేలిగ్గా తెగిందల్లా మంచి ట్రిగ్గర్ కాదు

ప్రశ్న: ఈ మధ్యే నాకు ఆయుధ లైసెన్సు వచ్చింది. పాయింట్ 32 బోర్ (గొట్టం లోపలి కొలత) సెమీ ఆటోమేటిక్ పిస్టల్ కొందామని నగరంలో ఒక దుకాణానికి వెళ్లాను. రెండు చూపించారు. ఒకటి మన ఆర్డ్‌నెన్స్ (ఆయుధాల) ఫ్యాక్టరీది, కొత్తది. ట్రిగ్గర్ బాగా గట్టిగా ఉంది, నొక్కుతుంటే మధ్యలో ఏదో గీరుకున్నట్టు వేలికి తెలుస్తోంది. రెండోది ఎవరో అమ్మకానికి పెట్టిన పాత విదేశీ పిస్టల్. ధర కొత్తదాని కంటే చాలా ఎక్కువ. కానీ ట్రిగ్గర్ మీద వేలు ఆనిస్తే చాలు, తెగిపోతోంది, అంటే గుండు పేల్చే దెబ్బ పడిపోతోంది. "వెన్న సార్, వెన్న" అంటున్నాడు దుకాణదారు. మా అమ్మాయి ఇక్కడే 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ నేర్చుకుంటోంది, తన ట్రిగ్గర్ కూడా అంతే తేలిగ్గా ఉంటుంది. కొత్తదే కొని స్ప్రింగ్ కొంచెం కత్తిరించుకుంటే సరిపోతుందని ఒక స్నేహితుడు చెబుతున్నాడు. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ట్రిగ్గర్ మంచిదో కాదో నాలాంటి కొత్తవాడు ఎలా తేల్చుకోవాలి?
— ఒక పాఠకుడు, కొత్తపేట, హైదరాబాద్

సమాధానం: ముందు మీ స్నేహితుడి సంగతి. స్ప్రింగ్ కత్తిరించే ఆలోచన ఇక్కడితో వదిలేయండి, ఎందుకో తర్వాత చెబుతాను. ఇక "వెన్న" అన్నారే, ఆ పిస్టల్‌ని మాత్రం కొనే ముందు అనుమానంగా చూడండి. మీ ఉత్తరమంతా ట్రిగ్గర్ బరువు చుట్టూ, అంటే దాన్ని నొక్కడానికి పట్టే బలం చుట్టూ తిరిగింది. చేతికి మొదట తెలిసేది బరువే కాబట్టి అందరూ అక్కడే ఆగిపోతారు. మంచి ట్రిగ్గర్‌ని పట్టించేవి వేరే ఉన్నాయి.

అమ్మాయి పిస్టల్‌తో పోల్చారు కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడదాం. అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య నిబంధనల ప్రకారం 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ ట్రిగ్గర్ తెగకుండా కనీసం 500 గ్రాముల బరువు ఎత్తాలి. 25 మీటర్ల పిస్టల్ పోటీలో ఆ కనీసం 1000 గ్రాములు. మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో 10 మీటర్లలోనూ 25 మీటర్లలోనూ వ్యక్తిగత రజతాలు తెచ్చింది. అంటే ఒకే క్రీడాకారిణి రెండు రకాల బరువులకూ వేలిని అలవాటు చేసుకోవాల్సి వచ్చిందన్న మాట. అయితే అవి పోటీ ఆయుధాలు. రేంజ్ అధికారి ఆదేశం ఇచ్చాకే తూటా ఎక్కుతుంది, ఎప్పుడూ టార్గెట్ వైపే చూస్తుంటాయి, జేబులోనో నడుముకో పెట్టుకునే ప్రసక్తి ఉండదు. ఆత్మరక్షణకు ఇంట్లో ఉంచుకునే పిస్టల్‌కి ఆ కొలత పెట్టకూడదు. చేతులు వణికే వేళ, చీకట్లో, కంగారులో పట్టుకునే వస్తువు అది. భయపడ్డ మనిషి పిడికిలి దానంతట అదే బిగుసుకుంటుంది. అర కిలో ట్రిగ్గర్ అప్పుడు మీ నిర్ణయం కోసం ఆగదు.

అందుకే ఆత్మరక్షణ, పోలీసు పిస్టళ్ల తయారీదారులు కావాలనే బరువు పెడతారు. గ్లాక్ అనే పిస్టల్ ట్రిగ్గర్ అంటే చాలాకాలం చెప్పుకున్న లెక్క ఐదున్నర పౌండ్లు, అంటే దాదాపు రెండున్నర కిలోలు. న్యూయార్క్ నగర పోలీసులు ఏళ్ల తరబడి తమ గ్లాక్‌లకు 12 పౌండ్ల ట్రిగ్గర్ పెట్టించుకున్నారు. అది మరీ ఎక్కువని నా అభిప్రాయం. అంత బరువు లాగేటప్పుడు గురి పక్కకు పోవడం ఖాయం. కానీ వాళ్లు ఎందుకు భయపడ్డారో అర్థమవుతుంది. సొంత రక్షణకు ఉంచుకునే పిస్టల్ ట్రిగ్గర్ రెండు నుంచి మూడు కిలోల మధ్య ఉంటే నేను ఫిర్యాదు చేయను. డబుల్ యాక్షన్ పిస్టల్ అయితే మొదటి గుండుకి ట్రిగ్గరే హ్యామర్‌ని (పేల్చే దెబ్బ వేసే సుత్తి ముక్కని) వెనక్కి ఎత్తాలి కాబట్టి అది ఇంకా బరువుగా ఉంటుంది, రెండో గుండు నుంచి తేలికవుతుంది. దాన్ని లోపం అనుకోకండి.

ఇప్పుడు ఆ పాత పిస్టల్. మన దేశంలోకి మామూలు పౌరులు తుపాకులు దిగుమతి చేసుకునే దారి 1980ల నుంచీ దాదాపు మూసుకుపోయింది. అందుకే తాతల నాటి వెబ్లీలు, కోల్ట్‌లు, బ్రౌనింగ్‌లు లాంటి విదేశీ పిస్టళ్లు చేతులు మారుతూనే ఉన్నాయి, ధరలు ఆకాశంలో ఉన్నాయి. వాటిలో ఆణిముత్యాలు ఉన్నాయి, కాదనను. కానీ ఆ పిస్టల్ ఫ్యాక్టరీ గేటు దాటినప్పుడు ట్రిగ్గర్ ఇంత తేలిగ్గా ఉందా, లేక మధ్యలో ఇలా అయిందా అన్నది మీరు వేసుకోవాల్సిన ప్రశ్న. ఆ కాలపు జేబు పిస్టళ్లను ఎవరూ వేలు ఆనిస్తే పేలేలా తయారు చేయలేదు. ఇప్పుడు అలా ఉందంటే కారణం రెండింటిలో ఒకటి. లోపల అరిగిపోయి ఉండాలి, లేదా ఎవడో ఆకురాయి పెట్టి ఉండాలి.

లోపల ఏం జరుగుతుందో కాస్త దగ్గరగా చూద్దాం. హ్యామర్ వెనక్కి వెళ్లి నిలబడిందంటే దాన్ని పట్టుకున్నది సియర్ అనే చిన్న ఉక్కు ముక్క. సియర్ అంచు హ్యామర్ కింది గంటులో కూర్చుంటుంది. ఆ రెండూ ఒకదానికొకటి ఆనుకునే మేర సాధారణంగా ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. ట్రిగ్గర్ నొక్కడమంటే ఆ అంచుని గంటులోంచి జరిపేయడమే. ఆనుకునే మేర ఎంత తగ్గితే ట్రిగ్గర్ అంత తేలికగా, అంత చురుగ్గా అనిపిస్తుంది. అంచులు గుండ్రంగా అరిగినా అంతే. అందుకే అరిగిన సియర్ ఉన్న పిస్టల్ కొత్తవాడికి బ్రహ్మాండంగా అనిపిస్తుంది! అలాంటిది బల్ల మీద గట్టిగా పెట్టినప్పుడో, స్లైడ్ (పిస్టల్ మీద ముందుకూ వెనక్కూ జరిగే పైభాగం) ముందుకు కొట్టుకున్న అదురుకో హ్యామర్ దానంతట అదే పడొచ్చు. ఇంకా ముదిరితే, ఒక గుండు పేలాక స్లైడ్ ముందుకు వస్తుంటే హ్యామర్ దాన్ని వెంబడించి వచ్చి, వేలు కదపకుండానే రెండో గుండు కూడా పేలొచ్చు.

దుకాణంలోనే దీన్ని కొంతవరకు పట్టేయవచ్చు. పిస్టల్ చేతికి వచ్చిన వెంటనే, ఇచ్చినవాడు మీ కళ్లముందే చూసి ఇచ్చినా సరే, మ్యాగజైన్ (తూటాల పెట్టె) తీసేసి, స్లైడ్ వెనక్కి లాగి ఛాంబర్‌లోకి (తూటా కూర్చునే గదిలోకి) కంటితో చూడండి, చిటికెన వేలు పెట్టి చూడండి. మజిల్ (గొట్టం కొస) మనుషులు లేని గోడ వైపు ఉండాలి. "డ్రై ఫైర్ చేసి చూడొచ్చా?" అని అడగండి, అంటే తూటా లేకుండా ట్రిగ్గర్ నొక్కి చూడడం. ఈ ప్రశ్నకు మొహం చిట్లించే దుకాణంలో నేనైతే కొనను.

హ్యామర్ బయటికి కనిపించే పిస్టల్ అయితే దాన్ని వెనక్కి నిలిపి, ట్రిగ్గర్ ముట్టకుండా బొటనవేలితో హ్యామర్ వీపు మీద ముందుకు ఒత్తండి. గట్టిగానే ఒత్తండి. పడిందా, పిస్టల్ అక్కడే బల్ల మీద పెట్టి నమస్కారం చెప్పి వచ్చేయండి. తర్వాత సేఫ్టీ (పేలకుండా ఆపే మీట) వేసి ట్రిగ్గర్ నొక్కండి, వదిలేయండి. ఇప్పుడు సేఫ్టీ తీయండి. తీసిన క్షణంలో హ్యామర్ పడితే సేఫ్టీ వేసి ఉండగానే సియర్ జరిగిందన్న మాట. పడకపోయినా సేఫ్టీ తీసేటప్పుడు చిన్న టిక్కు వినిపిస్తే అదీ మంచి గుర్తు కాదు. స్లైడ్‌ని అర సెంటీమీటరు వెనక్కి లాగి పట్టుకుని ట్రిగ్గర్ నొక్కితే హ్యామర్ పడకూడదు. చివరిగా, యజమాని ఒప్పుకుంటే, ట్రిగ్గర్ నొక్కి పట్టుకుని స్లైడ్ వెనక్కి లాగి ఒక్కసారి వదలండి, హ్యామర్ వెనకే నిలబడాలి. ఈ చివరిదాన్ని ఖాళీ పిస్టల్‌తో పదేపదే చేయకండి, పాత సియర్‌కి అది దెబ్బే. పాత కోల్ట్ 1903 లాంటివాటిలో హ్యామర్ స్లైడ్ లోపల దాగి ఉంటుంది, బ్రౌనింగ్ 1910లో అసలు హ్యామరే ఉండదు, దాని బదులు స్ప్రింగుతో నేరుగా ముందుకు దూకే స్ట్రైకర్ ఉంటుంది. బొటనవేలి పరీక్ష వాటికి కుదరదు. అలాంటివాటిని లైసెన్సున్న గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసే నిపుణుడు) విప్పి చూసి చెప్పాకే డబ్బు గురించి మాట్లాడండి.

ఇవన్నీ దాటిందనుకుందాం, లేదా కొత్తదాని దగ్గరికే వద్దాం. ట్రిగ్గర్ నాణ్యత అంటే ఏం చూడాలి?

వేలితో నెమ్మదిగా నొక్కడం మొదలుపెట్టండి. మొదట కొంత దూరం పెద్దగా ప్రతిఘటన లేకుండా ట్రిగ్గర్ వెనక్కి వస్తుంది. దీన్ని టేక్ అప్ అంటారు. తర్వాత ఒకచోట వేలికి అడ్డు తగులుతుంది. రేంజ్‌లో దాన్ని వాల్ అంటారు. స్కూటర్ నడిపినవాళ్లకు క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో చేతికి తెలిసిపోతుంది చూడండి, అలా వాల్ ఎక్కడుందో మీ వేలికి ప్రతిసారీ ఒకేచోట తెలియాలి. అక్కడి నుంచి బరువు పెంచుతూ పోతే తెగుతుంది. అదే బ్రేక్. వాల్ తగిలాక తెగేలోపు ట్రిగ్గర్ ఇంకా జరుగుతూ, ఆగుతూ, మళ్లీ జరుగుతూ ఉంటే అది క్రీప్. తెగిన తర్వాత కూడా వెనక్కి పోతే ఓవర్ ట్రావెల్. వేలు వదులుతూ వస్తే టిక్కుమని మళ్లీ సిద్ధమయ్యే చోటు రీసెట్.

వీటిలో నేను ఎక్కువ మార్కులు వేసేది క్రీప్ లేని బ్రేక్‌కి. టేక్ అప్ పొడుగ్గా ఉంటే నాకు ఇబ్బంది లేదు. పొడుగ్గా ఉన్నా మెత్తగా వస్తే వేలు అలవాటు పడిపోతుంది. వాల్ తర్వాత జరిగే జర్కులకు మాత్రం అలవాటు పడలేం. ఎందుకంటే ఒక్కో జర్కు దగ్గరా "ఇప్పుడు పేలుతుంది" అని మెదడు అనుకుంటుంది, చెయ్యి ముందే బిగుసుకుంటుంది, ఫ్రంట్ సైట్ (గొట్టం కొస దగ్గర గురి చూసే బొడిపె) కిందికి వంగుతుంది. గుండు టార్గెట్ కింద ఎడమవైపు పడిందని కొత్తవాళ్లు రోజూ బాధపడేది దీనివల్లే. కుడిచేతి వాళ్ల సంగతి చెబుతున్నాను, ఎడమచేతి వాళ్లకి అటువైపు.

రీసెట్ గురించి ఇంటర్నెట్‌లో పెద్ద గొడవ. పొట్టి రీసెట్ ఉంటేనే మంచి ట్రిగ్గర్ అని వీడియోల్లో ఊదరగొడుతుంటారు. సెకనులో నాలుగైదు గుండ్లు కాల్చే పోటీదారులకు అది కావాలి. మీకు కావలసింది రీసెట్ పొట్టిగా ఉండడం కంటే వేలికి స్పష్టంగా తెలియడం, ట్రిగ్గర్ దానంతట అది గట్టిగా ముందుకు తిరిగి రావడం. బద్ధకంగా తిరిగి వచ్చే ట్రిగ్గర్‌ని మాత్రం నమ్మకండి. లోపల రిటర్న్ స్ప్రింగ్ నీరసించి ఉంటుంది, లేదా జిడ్డు పట్టి ఉంటుంది.

ఇప్పుడు డ్రై ఫైర్. పాయింట్ 22 రిమ్‌ఫైర్ (తూటా అంచు మీద పిన్ను కొట్టే రకం) పిస్టల్ అయితే ఖాళీ ఛాంబర్‌తో డ్రై ఫైర్ చేయకండి, ఫైరింగ్ పిన్ (తూటాని పొడిచే పిన్ను) ఛాంబర్ అంచుకి కొట్టుకుని రెండూ పాడయ్యే ప్రమాదం ఉంది. మీది 32 కాబట్టి కొద్దిసార్లు ఫర్వాలేదు, అయినా స్నాప్ క్యాప్ (ఉత్తుత్తి తూటా) పెట్టుకుంటే పాత పిన్నులకు మంచిది. రెండు చేతులతో మామూలుగా పట్టుకోండి. గోడ మీద ఏ గుర్తూ లేని తెల్లటి చోటు చూసుకుని ఫ్రంట్ సైట్ మీదే కన్ను పెట్టండి. గుర్తు ఉంటే కన్ను దాని వెంట పోతుంది, సైట్ కదలిక కనిపించదు. నెమ్మదిగా నొక్కండి. హ్యామర్ పడిన క్షణంలో ఫ్రంట్ సైట్ ఏం చేసిందో అదే మీ పరీక్ష ఫలితం. కదలకపోతే ట్రిగ్గర్ మంచిది, లేదా మీ చెయ్యి మంచిది. ఎప్పుడూ ఒకే వైపుకు తుళ్లితే మీ పట్టు చూసుకోండి. ఒక్కోసారి ఒక్కోవైపుకు తుళ్లితే ట్రిగ్గర్‌ని అనుమానించండి. తెగిన తర్వాత వేలు ఇంకా వెనక్కి దూసుకుపోయి సైట్‌ని తోసేస్తుంటే ఓవర్ ట్రావెల్ ఎక్కువన్న మాట. స్లైడ్ మీద, ఫ్రంట్ సైట్ వెనక, ఒక రూపాయి బిళ్ల పెట్టి నొక్కి చూడడం పాత పద్ధతి. బిళ్ల పడకుండా వరసగా నొక్కగలిగితే ఆ ట్రిగ్గర్‌తో మీకు పొత్తు కుదిరినట్టే. స్లైడ్ పైభాగం గుండ్రంగా ఉంటే బిళ్ల నిలవదు, అప్పుడు సైటే చాలు.

చేతి పరిమాణం కూడా చూడండి. వేలి మొదటి కణుపు మెత్తని భాగం ట్రిగ్గర్ మధ్యలోకి రావాలి. అందుకోసం పిడికిలి తిప్పాల్సి వస్తుంటే పిస్టల్ మీకు పెద్దది. ఎంత మంచి ట్రిగ్గరైనా అప్పుడు చెడ్డగానే అనిపిస్తుంది. డబుల్ యాక్షన్‌లో ట్రిగ్గర్ ఇంకా ముందుకు ఉంటుంది కాబట్టి చిన్న చేతులవాళ్లు ఆ స్థితిలోనే కొలుచుకోవాలి.

బరువు కొలవాలనే ఉంటే కొలవండి, తప్పులేదు. ప్రయాణపు పెట్టెలు తూచే చిన్న డిజిటల్ త్రాసు చాలు, కొక్కేనికి గుడ్డ చుట్టి ట్రిగ్గర్ మధ్యలో తగిలించి, బ్యారెల్‌కి సమాంతరంగా నెమ్మదిగా లాగాలి. ఎక్కువ పిస్టళ్లలో ట్రిగ్గర్ పైన ఒక పిన్ను మీద తిరుగుతుంది. అందుకే కొక్కెం కిందికి జారేకొద్దీ అంకె తగ్గుతుంది. ఒకసారి కొనకు, ఒకసారి మధ్యలో తగిలించి "మొన్న రెండు కిలోలు, ఇవాళ రెండున్నర" అని కంగారుపడేవాళ్లు ఉన్నారు. ఒకేచోట పెట్టి పదిసార్లు కొలవండి. సగటు కంటే తేడా ముఖ్యం. పదిసార్లూ రెండున్నర కిలోల చుట్టుపక్కలే వస్తే అది బరువైనదే కావచ్చు, నిజాయితీ ఉన్న ట్రిగ్గర్. ఒకసారి కిలో తొమ్మిది వందలు, ఇంకోసారి రెండు కిలోల ఎనిమిది వందలు చూపిస్తే సగటు ఎంత అందంగా ఉన్నా వద్దు.

కొత్త పిస్టల్‌లో గీరుకుంటోందన్నారు. ఎక్కడ గీరుకుంటోంది? మీ ఉత్తరంలో "మధ్యలో" అని ఉంది. వాల్ తగలకముందే, టేక్ అప్‌లో అయితే పెద్ద భయం లేదు. చాలా పిస్టళ్లలో ట్రిగ్గర్ బార్ అనే పొడుగాటి రేకు ఫ్రేమ్ పక్కనే రాసుకుంటూ వస్తుంది. ఫైరింగ్ పిన్‌కి అడ్డు ఉండే మోడళ్లలో అదే బార్ ఒక చిన్న ప్లంజర్‌ని (స్ప్రింగు మీద కదిలే పుల్లని) కూడా పైకి నెట్టాలి. ఆ రాపిడి వేలికి ఇసుక రేణువులా తగులుతుంది. కోల్ట్ వాళ్లు 1983లో తమ 1911 పిస్టల్‌కి ఇలాంటి అడ్డు చేర్చి సిరీస్ 80 అన్నప్పుడు, ట్రిగ్గర్ పాడైపోయిందని పాతకాపులు ఎంత గోల చేశారో. కింద పడినా పేలకుండా ఉండడం కోసం చెల్లించిన ధర అది, నేనైతే సంతోషంగా చెల్లిస్తాను.

ఇంకో ఉదాహరణ మన దగ్గరిదే. మన సైన్యం, పోలీసులు దశాబ్దాలుగా వాడుతున్న 9 ఎం.ఎం. పిస్టల్ ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో తయారయ్యేది, మూలం 1935 నాటి బ్రౌనింగ్ హై పవర్. ఆ బోర్ నిషిద్ధ జాబితాలో ఉంది కాబట్టి మీకు నాకు రాదు, కానీ రిటైరైన పోలీసాయన ఎవరైనా మీ వీధిలో ఉంటే అడగండి, దాని ట్రిగ్గర్ గురించి చెబుతారు. హై పవర్ డిజైన్‌లో మ్యాగజైన్ తీసేస్తే ట్రిగ్గర్ పనిచేయని ఏర్పాటు ఉంది. అందుకోసం ట్రిగ్గర్‌కి ఉన్న చిన్న ముక్క ఒకటి నొక్కినప్పుడల్లా మ్యాగజైన్ ముందు గోడ మీద రాసుకుంటూ పోతుంది. గరుకు అక్కడిది. సియర్ తప్పేమీ లేదు. మీరు చూసిన పిస్టల్‌లో కూడా మ్యాగజైన్ పెట్టి ఒకసారి, పనిచేస్తే తీసి ఒకసారి నొక్కి చూడండి. తేడా ఉంటే గరుకు ఎక్కడిదో సగం తెలిసినట్టే.

గరుకు వాల్ దాటాక, తెగే ముందు వస్తే మాత్రం అది సియర్, హ్యామర్ ఆనుకునే చోటే. మిషన్ మీద కోసిన గీతలు అలాగే మిగిలిపోయాయి. అప్పుడు ఆ పీస్ వద్దని చెప్పి, అదే మోడల్‌లో ఇంకోటి చూపించమనండి. ఇది మొహమాటపడే చోటు కాదు. ఒకే ఫ్యాక్టరీలో ఒకే నెలలో తయారైన రెండు పిస్టళ్ల ట్రిగ్గర్లు కూడా ఒకేలా ఉండవు. అందుకే ఫలానా మోడల్ ట్రిగ్గర్ బాగుంటుందట, బాగుండదట అన్న మాటలు నేను పెద్దగా పట్టించుకోను. మీ చేతిలో ఉన్న పీస్ ఎలా ఉందన్నదే లెక్క. లైసెన్సు మీద ఎన్నంటే అన్ని కొనే రోజులు కావు. 2019 సవరణ తర్వాత మామూలు లైసెన్సుదారుకి రెండు ఆయుధాలే. తొందరపడి తెచ్చుకున్నదాన్ని మార్చుకోవడం కూడా కాగితాలతో పెద్ద పని.

అమెరికా వాళ్ల సమీక్షల్లో "మొదటి ఐదు వందల గుండ్లు కాల్చాక ట్రిగ్గర్ నునుపెక్కుతుంది" అని రాస్తుంటారు. మాట నిజమే. కానీ మన లైసెన్సులో తూటాలకు పరిమితి రాసి ఉంటుంది, ధర సంగతి మీకు తెలిసిందే. ఆ పద్ధతి మన దగ్గర నడవదు. స్నాప్ క్యాప్ పెట్టుకుని ఇంట్లో రోజూ కాసేపు డ్రై ఫైర్ చేస్తే రాపిడి పడే చోట్లు అవే సర్దుకుంటాయి, మీ వేలూ నేర్చుకుంటుంది. తూటాలు మాత్రం వేరే గదిలో, తాళంలో ఉండాలి. టేక్ అప్‌లో ఉండే చిన్న గరుకు ఇలా చాలావరకు పోతుంది. సియర్ మీద ఉన్న గరుకు ఇలా పోతుందని ఆశపెట్టుకోకండి.

నూనె సంగతి కూడా చెప్పాలి. పాత పిస్టళ్ల ట్రిగ్గర్లు బరువెక్కడానికి చాలా సందర్భాల్లో కారణం జిడ్డు. తలుపు గొళ్లేలకి, తాళాలకి వేసినట్టు పిస్టల్‌కి కొబ్బరి నూనె వేసిన పెద్దమనుషులున్నారు. డిసెంబరులో మన నగరంలో ఆ నూనె సీసాలోనే గడ్డకడుతుంది, ఇక సియర్ దగ్గర ఏమవుతుందో ఊహించుకోండి. ఎన్నికలప్పుడు స్టేషన్‌లో అప్పగించిన ఆయుధం నెలల తర్వాత తిరిగి వచ్చినప్పుడు కూడా ఎండిపోయిన నూనె, దుమ్ము కలిసి ట్రిగ్గర్ మొరాయిస్తుంటుంది. ముందు శుభ్రం చేసి, ఆయుధాలకు వాడే పల్చటి నూనె చుక్క వేసి, అప్పుడు తీర్పు చెప్పండి. దీని తిరగేసిన కేసు కూడా ఉంటుంది. అమ్మేముందు నూనె దట్టంగా పట్టించి గరుకుని దాచడం. దుకాణంలో పిస్టల్ వేళ్లకు జిడ్డుగా అంటుకుంటుంటే తుడిచాక మళ్లీ నొక్కి చూడండి.

ఇక స్ప్రింగ్. హ్యామర్ స్ప్రింగ్ కత్తిరిస్తే ట్రిగ్గర్ తేలికవుతుంది, నిజమే. దాంతో పాటు హ్యామర్ దెబ్బా తగ్గుతుంది. తూటా వెనక ఉన్న క్యాప్ మీద పిన్ను మెత్తగా తగిలి, అవసరమైన రోజున "టక్" అని ఊరుకుంటుంది. సియర్ స్ప్రింగ్‌ని ముట్టుకుంటే ఇందాక చెప్పిన పాత పిస్టల్ రోగాన్ని మీరే కొత్తదానికి అంటించినట్టు. ట్రిగ్గర్‌ని, భద్రతని వేరు చేసి చూడలేమనడానికి పెద్ద కంపెనీల అనుభవమే ఉంది. సిగ్ పి320 పిస్టల్ కొన్ని కోణాల్లో కింద పడితే పేలుతోందని బయటపడ్డాక, 2017 ఆగస్టులో ఆ కంపెనీ ఉచితంగా మార్పులు చేసిస్తామని ప్రకటించింది. మార్చిన వాటిలో ట్రిగ్గర్ కూడా ఉంది. పాతది తూకంలోనే బరువైన ముక్క కావడంతో, పిస్టల్ నేలకు తగిలిన ఊపుకి అది తనంతట తానే వెనక్కి కదిలేది. దాని స్థానంలో తేలికైన ముక్క పెట్టారు. అంత పరీక్షలు చేసే కంపెనీకే అలా అయితే, శ్రావణంతో స్ప్రింగ్ తుంచే మనిషి లెక్కేమిటి? పైగా 1959 ఆయుధాల చట్టం ప్రకారం తుపాకుల మరమ్మతు కూడా లైసెన్సున్న వాళ్లే చేయాలి. స్ప్రింగ్ కత్తిరించే మనిషికి ఆ లైసెన్సు లేకపోతే ఆయనకీ మీకూ చిక్కే.

నా సలహా అడిగితే, కొత్తదాని వైపు మొగ్గుతాను. వాల్ దాటాక గరుకు లేని పీస్ దొరికేదాకా అడగండి, బరువు రెండున్నర కిలోలున్నా వెనకాడకండి. పాతదాని మీంచి మనసు మళ్లకపోతే, లైసెన్సున్న గన్‌స్మిత్ చేత సియర్, హ్యామర్ విప్పించి చూపించాకే బేరం అని దుకాణదారుతో చెప్పండి. అంత ధర అడిగే మనిషి ఆ మాత్రం ఖర్చు భరించవచ్చు. ఒప్పుకోకపోతే ఆ వెన్న ఎక్కడి నుంచి వచ్చిందో ఆయనకు తెలిసే ఉంటుంది.

అమ్మాయి విషయం. లైసెన్సు మీ పేరు మీద ఉంది, దుకాణంలో పిస్టల్ ఆమె చేతికివ్వకండి. ఆమె దగ్గర నేర్చుకోవాల్సింది మాత్రం ఉంది. ట్రిగ్గర్ తెగిన తర్వాత కూడా చెయ్యి, కన్ను కదపకుండా ఒక క్షణం అలాగే ఉండమని ఎయిర్ పిస్టల్ కోచ్‌లు మొదటి వారం నుంచే చెబుతారు. దాన్ని ఫాలో త్రూ అంటారు. ఒక సాయంత్రం ఆమెను ఖాళీ ఎయిర్ పిస్టల్‌తో అది చేసి చూపించమనండి. అది వచ్చాక దుకాణానికి వెళ్లండి. చేసిన తప్పు మీ చేతిదా, ట్రిగ్గర్‌దా అన్నది అప్పుడే తేలుతుంది. వెళ్లేటప్పుడు మీ 32కి సరిపోయే స్నాప్ క్యాప్‌లు ఉన్నాయేమో ముందే ఫోన్ చేసి అడగండి. చాలా దుకాణాల్లో తెప్పించాల్సి వస్తుంది.